ఆ కాలం లేదమ్మా

పోయిన రెండు వారాలు ఈ వరుస రాయలేకపోయాను. ఒక వారం పేపర్లు దిద్దే పని, ఇంకో వారం మా చెల్కలో రాళ్ళు ఏరే పని. రెండూ ఎండలోనే జరిగాయి గానీ మొదటిదానికి టీఏ, డీఏ ఇస్తారు.

పేపర్ల సంగతి ముందు చెప్పి అవతల పడేస్తాను. ఈసారి డిగ్రీ తెలుగులో గ్రీష్మ వర్ణన మీద ప్రశ్న వచ్చింది. పూటకు ముప్పై నలభై పేపర్లు, అన్నింట్లో ఒకటే ఎండ. చలిపందిళ్ళు, గంధపు పూతలు, ఇంకిపోయిన కొలనులు. గైడు ఒకటే కాబట్టి ఎండ కూడా ఒకటే. పిల్లల తప్పేం లేదు. ఎంఏలో నేనూ అదే రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. ఆముక్తమాల్యద రెండో ఆశ్వాసంలోని ఎండ నాకు ఇప్పటికీ ఇష్టం, దాచుకోవాల్సిన పనిలేదు. అయితే ఒక పేపర్లో జవాబు అయిపోయాక కింద రెండు లైన్లు కనిపించాయి. మా ఇంట్ల ఎండకాలం పత్తికట్టె పీకుతం, పీకినంక చేతులు మంట పుడతయి, రాత్రి బువ్వ కలపరాదు, అని. రాసినవాళ్ళే మళ్ళీ దాని మీద అడ్డంగా రెండు గీతలు కొట్టేశారు. కొట్టేసిన దానికి మార్కులు వేయకూడదని మాకు రూలు. వేయలేదు.

ఆ రాత్రే ఊరికి బస్సెక్కాను. మాది పాలమూరు. ఊరి పేరు ఇప్పుడు రాయను, ఎందుకో కింద తెలుస్తుంది.

మా తాత పటేలు ఇంట్లో జీతం ఉండేవాడు. ఏడాదికి ఇన్ని జొన్నలు, ఒక గొంగడి, ఒక జత చెప్పులు. ఆ చెప్పులు కుట్టేది కూడా మా వాడకట్టు వాళ్ళే. 1976లో, ఇరవై సూత్రాల పథకం అని ఊరూరా గోడల మీద రాసిన రోజుల్లో, మా తాతకు గుట్ట కింద 2 ఎకరాల 10 గుంటలకు లావుణి పట్టా ఇచ్చారు. ఆంధ్రలో అసైన్డ్ భూమి అంటారు, మా దిక్కు లావుణి అంటే పిల్లలకైనా తెలుస్తుంది. సాగు చేసుకో, అమ్ముకోవద్దు, పడావు పెడితే వెనక్కి తీసుకుంటాం. ఇవీ షరతులు. తర్వాత 1977 చట్టం వచ్చి ఆ అమ్ముకోవద్దు అన్నమాటను ఇంకా గట్టిగా బిగించింది.

"మీకేందిరా, గవర్నమెంటు పుణ్యానికి భూమి ఇచ్చింది" అనే మాట నేను చిన్నప్పటి నుంచి వింటున్నాను. స్కూల్లో విన్నాను, బస్సులో విన్నాను, యూనివర్సిటీ హాస్టల్లో చాలా చదువుకున్న మిత్రుడి నోట విన్నాను. దానికి నా జవాబు ఒక్కటే. గవర్నమెంటు ఇచ్చింది రాళ్ళు. ఊర్లో మంచి మన్ను ఎక్కడుందో అంతకు వందేళ్ళ ముందే పంచుకోవడం అయిపోయింది. చెరువు కింద తరి ఎవరిది, బావుల పక్కన చెలకలు ఎవరివి అనేది తేలిపోయాక మిగిలిన బంజరును కాయితం మీద కొలిచి మా చేతికిచ్చారు. తాత మొదటిసారి నాగలి పెడితే జానెడు దిగకముందే కర్రు విరిగిందట. ఆ విరిగిన కర్రు ముక్కను మా అవ్వ చాలా ఏండ్లు దూలానికి చెక్కి ఉంచింది.

ఇప్పుడు అదే చెల్కలో 20 గుంటల్లో బోరు కింద వరి పండుతుంది. మిగతా ఎకరా 30 గుంటల్లో పత్తి, మధ్యమధ్యలో కంది సాళ్ళు. ఈ తేడా ఎట్ల వచ్చింది? ఎండకాలాల్లో వచ్చింది. నేను ఈ వ్యాసంలో చెప్పదలుచుకున్నది ఇదే. వానకాలంలో పండిస్తారు, అది అందరికీ కనిపిస్తుంది, ఫొటోలు కూడా తీస్తారు. పండించడానికి మన్నును తయారుచేసేది మాత్రం మార్చి నుంచి మృగశిర దాకా. పంట లేని ఆ మూడు నెలల పనిని ఎవరూ వ్యవసాయం అనరు.

ఎండకాలంలో మా అమ్మ రోజు ఎట్ల ఉంటుందో చెప్తాను. తెల్లారగట్ల నాలుగింటికి లేస్తుంది. ఆరు మేకలున్నాయి, వాటి కింద ఊడ్చి, ఆ పెంట గంపకెత్తి గోడ పక్కన కుప్ప పోస్తుంది. ఆ కుప్ప మే నెలాఖరుకు చెల్కలోకి పోవాలి. రాత్రి పులియబెట్టిన జొన్న అంబలి, ఒక ఉల్లిగడ్డ, మామిడికాయ తొక్కు గిన్నెకు సర్దుకుంటుంది. ఐదింటికల్లా చెల్కలో ఉంటుంది. ఊరి నుంచి కిలోమీటరున్నర. ఏప్రిల్‌లో అయితే మొదట పత్తికట్టె. కట్టె పీకాలంటే మన్ను కొంచెం మెత్తగా ఉండాలి. ఒక్క వాన పడితే పీకొచ్చు, పడకపోతే గొడ్డలితో మొదట్లో నరకాలి. పీకితే చేతులు పోతాయి, నరికితే మోళ్ళు మిగిలి ట్రాక్టర్ టైరుకు గుచ్చుకుంటాయని డ్రైవర్ గొణుగుతాడు. అందుకని మా అమ్మ నరకదు, పీకుతుంది. ఆ పేపర్లో పిల్లో పిల్లగాడో రాసిన మంట నాకు అందుకే తెలుసు. చేతులకు కొబ్బరినూనె రాసుకుని, మోకాళ్ళ మీద పెట్టుకుని, వేళ్ళు విప్పి పడుకునేది మా అమ్మ. బువ్వ నేను కలిపి పెట్టేదాన్ని.

కట్టె అయిపోయాక దుక్కి. ట్రాక్టర్ గంట లెక్కన కిరాయి. మా చెల్క చిన్నది, మూలలు ఎక్కువ. డ్రైవర్ తిరిగి తిరిగి రావాలి కాబట్టి పెద్ద చెలకలన్నీ దున్నాకనే మా దగ్గరికొస్తాడు. వరి కోసే మిషన్‌ది కూడా అదే కథ, 20 గుంటలకు దిగుతావా అంటే నవ్వుతాడు. చిన్న కమతం కష్టాలంటే పుస్తకాల్లో అప్పు గురించీ విత్తనం గురించీ ఉంటుంది. వరుసలో ఎప్పుడూ చివర నిలబడటం గురించి ఉండదు.

దుక్కి దున్నిన మర్నాడు చెల్క చూస్తే మీకు ఏడుపొస్తుంది. పోయిన ఏడు ఏరినన్ని రాళ్ళు మళ్ళీ పైన ఉంటాయి. మాది ఎర్ర దుబ్బ నేల, కింద అరిగిపోయిన బండ. వానలకు సన్నటి మన్ను కొట్టుకుపోతుంది, నాగలి కింది రాయిని పైకి లాగుతుంది. మా అవ్వ మాత్రం "భూమి కంటది" అనేది. కన్నవాటిని ఏరి గట్టుకు మోయాలి. గంపలు మోసీ మోసీ మా అమ్మ నడినెత్తిన వెంట్రుకలు రూపాయి బిళ్ళంత మేర లేవు. కొంగు కప్పుకుంటుంది కాబట్టి ఎవరికీ కనబడదు.

రాళ్ళు ఏరడం అంటే వంగి తీసి పడేయడం అనుకునేరు. మా అవ్వ దగ్గర నేను నేర్చుకున్న మొదటి పాఠం, అన్ని రాళ్ళూ ఏరొద్దు. పిడికిలంతవి, అంతకు పెద్దవి ఏరాలి. గోలీకాయంతవి ఉండనియ్యాలి, అవి పదును కాపాడతాయి. రెండో పాఠం, పెద్ద రాయిని అవతలి అంచు పట్టి నీ దిక్కు లేపాలి, కింద తేలుంటే అటు పోతుంది. మూడోది, మోసుకెళ్ళిన రాయిని గట్టు మీద ఊరికే విసరొద్దు. వాలుకు అడ్డంగా, పెద్దవి కిందా చిన్నవి సందుల్లో పేర్చాలి. అట్ల పేర్చిన కట్ట దగ్గర వానకు కొట్టుకొచ్చిన మన్ను ఆగుతుంది. అప్పుడు రాయి తీసిన చోట మన్ను మిగులుతుంది, రాయి పెట్టిన చోటా మన్ను చేరుతుంది. దీన్ని పెద్ద చదువుల్లో నేల, నీటి సంరక్షణ అంటారు. బండ మరీ పెద్దదైతే మా తాత వడ్డెరోళ్ళ దగ్గర చూసి నేర్చుకున్న పని చేసేవాడు. పత్తికట్టె పేర్చి దాని మీద మంట పెట్టడం, బండ కాలాక నీళ్ళు చల్లి సమ్మెటతో కొట్టడం. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు కదా. మా తాత రోహిణిలో బండల్ని పగలగొట్టాడు, పైన ఎండ, కింద మంట పెట్టుకుని.

తర్వాత చెరువు మన్ను. రాళ్ళేరితే నేల మిగులుతుంది, నేలకు సత్తువ రావాలంటే ఒండ్రు పోయాలి. అవ్వ కాలంలో నెత్తి మీద గంపలతో. చెరువులో మన్ను తీసుకోవడానికి కూడా వరుస ఉండేది, పెద్దోళ్ళ బండ్లు నిండాక మా గంపలు. 2015 తర్వాత మిషన్ కాకతీయలో చెరువులు పూడిక తీసినప్పుడు మిషన్‌తో ఎత్తడం ఉచితం, చెలకకు తోలుకోవడం రైతు ఖర్చు. నేను అప్పుడు పీహెచ్‌డీలో ఉన్నాను. ఫెలోషిప్ డబ్బులతో 22 ట్రిప్పులు తోలించాం. నా సిద్ధాంత గ్రంథం కంటే ఆ 22 ట్రిప్పులే ఎక్కువ మందికి తిండి పెట్టాయని మా తమ్ముడు ఇప్పటికీ ఎగతాళి చేస్తాడు. నేను కాదనలేను.

ఇక నీడ గురించి. మా చెల్కలో మొదట్లో ఒక్క చెట్టు లేదు. గెట్టు అవతల ఆసామి చింతచెట్టు ఉండేది. మధ్యాహ్నం వాళ్ళ మనుషులు తిని లేచాకే మావాళ్ళు ఆ నీడకు పోవాలి, అదీ మొదట్లోకి కాదు, అంచుకు. అప్పటికి నీడ జరిగి సగం ఎండే మిగిలేది. నీళ్ళు దోసిట్లో పోసేవారు, పైనుంచి. పోసే చేయి ఎంత ఎత్తులో ఉంటే నీళ్ళు అంత కారిపోతాయి. దాహం మీద ఉన్న మనిషికి ఆ కారిపోయే నీళ్ళు ఎట్ల కనబడతాయో నేను ఏ ప్రబంధంలోనూ చదవలేదు. అంబేడ్కర్ 1927 మార్చిలో మహాడ్ చెరువు దగ్గరికి పోయింది ఎండకాలం ముంగిట. కారంచేడు 1985లో మొదలైంది కూడా తాగే నీళ్ళ చెరువు దగ్గరే. మన చరిత్రకు ఎండతో ఉన్న సంబంధం మీద ఎవరైనా పనిచేస్తే బాగుండు, విద్యార్థులెవరికైనా అంశం కావాలంటే తీసుకోండి.

మా అవ్వ ఆ అంచు నీడలో కూచోవడం మానేసి గెట్టు మీద ఒక వేప మొక్క పెట్టింది. మూడు ఎండకాలాలు ఇంటి నుంచి బిందెతో నీళ్ళు మోసి బతికించింది. తాగడానికి మోసుకొచ్చిన నీళ్ళలోంచి చెట్టుకు పోస్తున్నావని తాత కొట్లాడేవాడట. ఇప్పుడు ఆ వేప కిందే మా అంబలి గిన్నె, మేకలు, నీళ్ళ డబ్బా. అవతలి చింతచెట్టును ఎప్పుడో అమ్ముకున్నారు. వాళ్ళ ట్రాక్టర్ డ్రైవర్ కూడా మధ్యాహ్నం మా వేప కిందికే వస్తాడు. మా అమ్మ డబ్బా అటు జరుపుతుంది. గ్లాసు చేతికే ఇస్తుంది.

ఎండ గురించి ప్రభుత్వం మాట్లాడదని అనలేం. 12 నుంచి 3 దాకా బయటికి రాకండి అని ఫోన్లకు మెసేజ్‌లు వస్తాయి. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడగాల్పులను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, వడదెబ్బతో చనిపోయిన వాళ్ళ కుటుంబానికి 4 లక్షల పరిహారం అని చెప్పింది. మంచిదే. అదే ఏప్రిల్‌లో మా అమ్మ కొనుగోలు కేంద్రం దగ్గర వడ్లు ఆరబోసి ఉంది. తేమ 17 శాతం దాటితే తీసుకోరు. వడ్లు ఆరేది ఎప్పుడు? 12 నుంచి 3 దాకా. ఆ మూడు గంటలూ కాళ్ళతో వడ్లు కలియదిప్పుతూ తిరగాలి. ఇంట్లో ఉండమని ఒక మెసేజ్, ఎండబెట్టమని ఒక మిషన్, రెండూ ఒకే సర్కారువి. మే నెలలో, రోహిణి ఇంకా రాకముందే, వానలు పడి కుప్పలు తడిసిన సంగతి మీ అందరికీ తెలుసు. మాది బతికింది, పక్కవాళ్ళది మొలకెత్తింది.

ఉపాధి పని సంగతి ఇక్కడ చెప్పాలి, ఎందుకంటే నా వాదన అంతా దాని మీద నిలబడింది. ఎండకాలంలో మా అమ్మ పొద్దున కొన్ని వారాలు ఉపాధి పనికి పోతుంది. గుంతలు, కాలువలు, రాతి కట్టలు. 2023 నుంచి ఫోన్ యాప్‌లో రోజుకు రెండుసార్లు ఫొటో. అంటే పని అయిపోయినా రెండో ఫొటో కోసం ఎండలో కూచోవాలి. ఆ చట్టంలో ఒక మంచి వీలుండేది, ఎస్సీ, ఎస్టీల సొంత భూముల్లో కూడా భూమి బాగుచేసే పనులు పెట్టొచ్చని. 2008 ఎండకాలంలో మా చెల్కలో రాళ్ళు ఏరే పని మంజూరైంది. వాడకట్టు వాళ్ళందరూ కలిసి మా రాళ్ళు ఏరారు, మా అమ్మ కూడా మస్టర్‌లో సంతకం పెట్టి ఏరింది. పైసలు వచ్చిన రోజు ఆమె నవ్వు ఆగలేదు. "మన రాళ్ళు మనం ఏరుకుంటే మనకే పైసలిచ్చిండ్రు, ఏం గవర్నమెంటో ఏమో" అని.

ఆ ఒక్క ఏడు రాజ్యం రాతపూర్వకంగా ఒప్పుకుంది, రాళ్ళు ఏరడం పని అని. కొలత ఉంది, కూలి ఉంది, మస్టర్ ఉంది. అంతకు ముందు ముప్పై ఏండ్లు, ఆ తర్వాత పదిహేడేండ్లు అదే చేతులు, అదే రాళ్ళు, అదే ఎండ. ఏ రాతా లేదు.

ఇప్పుడు అసలు సంగతి. పోయిన నెల మా చెల్కకు కొలతల వాళ్ళు వచ్చారు. గుట్ట కింది లావుణి భూములన్నీ కలిపి ఒక పారిశ్రామిక వాడకు తీసుకుంటారట. ఇంకా నోటిఫికేషన్ రాలేదు. వచ్చిన పిల్లగాడు మర్యాదస్తుడే, ఎండకు ముఖం కమిలిపోయి ఉన్నాడు, మా అమ్మ ముందు నీళ్ళిచ్చింది. వేప కింద కూచుని ఫారం నింపాడు. భూమి రకం: ఖుష్కి. బోరు: ఒకటి. చెట్లు: వేప ఒకటి. కట్టడాలు: లేవు. మా అమ్మ చదువుకోలేదు, కానీ లెక్క మనిషి. అన్నీ రాసినవా అని అడిగింది. రాశానమ్మా అన్నాడు.

"మన్ను యాడ రాసినవు సారూ? గీడ మొదలు మన్ను లేకుండె. మేం పోసినం."

అతను ఫారం అటూ ఇటూ తిప్పి చూసి, "ఆ కాలం లేదమ్మా" అన్నాడు.

మా అమ్మ కాలం అంటే కాలమనే అనుకుంది. "ఎందుకు లేదు సారూ, ఎండకాలమే గదా, ఇప్పుడు నువ్వు కూసున్నది" అంది.

నేను అప్పుడు అక్కడ లేను. తమ్ముడు ఫోన్లో నవ్వుతూ చెప్పాడు. నాకు నవ్వు రాలేదు.

చట్టం ఏమంటుందో చూద్దాం. 2013 భూసేకరణ చట్టం, ప్రభుత్వం భూమి కేటాయించిన కుటుంబాన్ని కూడా బాధిత కుటుంబంగానే లెక్కిస్తుంది. అంతకు ముందే 2004లో మన హైకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం చేవెళ్ళ డివిజన్ కేసులో అసైనీలకు కూడా పట్టాదారులతో సమానంగా పరిహారం ఇవ్వాలని తేల్చింది. కాబట్టి "లావుణి భూమే కదా, మేం ఇచ్చిందే కదా, ఎంతిస్తే అంత తీసుకోండి" అని ఎవరన్నా అంటే నమ్మకండి. ఊర్లలో ఇప్పటికీ అంటున్నారు, మా దగ్గరా అన్నారు. ఇంతవరకు కొట్లాడి సాధించుకున్నది. కానీ మార్కెట్ విలువ ఎట్ల కడతారు? స్టాంపుల విలువను బట్టి, చుట్టుపక్కల అమ్మకాలను బట్టి. అమ్మడానికే వీల్లేని భూమికి అమ్మకం ధర ఎక్కడ వెతుకుతారు? కాయితంలో ఖుష్కి అంటే ఖుష్కి ధరే. ఆ పైన భూమికి అతుక్కుని ఉన్నవాటిని విడిగా లెక్కగట్టాలని చట్టం చెప్తుంది. కట్టడాలకు ఇంజనీరు, చెట్లకు అడవులూ తోటల సంగతి తెలిసినవాళ్ళు, నిలిచిన పంటకు వ్యవసాయం తెలిసినవాళ్ళు. మన్నుకు ఎవరు? గోడ కడితే ఆస్తి. గోడంత రాతి కట్ట పేర్చి దాని వెనక జానెడు మన్ను నిలబెడితే అది ఏమీ కాదు.

ఇక్కడ మన మిత్రుల్లో కొందరి మాట నాకు తెలుసు. అంబేడ్కరే ఊరు వదలమన్నాడు, ఆ రెండెకరాలు పట్టుకుని ఎందుకు వేలాడతారు, పైసలు తీసుకుని పట్నం పోండి, అంటారు. 1918లో ఆయన చిన్న కమతాల మీద రాసిన వ్యాసాన్ని కూడా చూపిస్తారు. ఆ వ్యాసం నేనూ పిల్లలతో చదివిస్తాను. కమతం చిన్నదా పెద్దదా అని గజాలతో కొలవడం తప్పు, దాని మీద ఎంత శ్రమ, ఎంత పెట్టుబడి పెట్టగలుగుతున్నారో చూడాలి అన్నది ఆయన మొదటి మాట. భూమి మీద పడి ఉన్న జనాన్ని పరిశ్రమలకు తరలించాలి అన్నది తర్వాతి మాట. రెండో మాట పట్టుకుని మొదటిది వదిలేస్తున్నాం. మా చెల్క మమ్మల్ని పూర్తిగా పోషించదు, నిజం. బోరు ఫెయిలైన ఏడు నా జీతంలోంచే మోటరు బాగైంది. నేను ఎండకాలాన్ని పూజించమని చెప్పడం లేదు. మా అమ్మ చేతులు చూసినదాన్ని నేనెట్ల చెప్తాను? పోవాలనుకుంటే పోనివ్వండి, కానీ చేసిన పనికి లెక్క కట్టి పోనివ్వండి. పోవద్దనుకుంటే ఆ మాట కూడా వినండి. మా అమ్మ ఇంకా ఏదీ చెప్పలేదు.

ఇంకొందరు మిత్రులు రైతు, కూలీ ఐక్యం కావాలంటారు. మా అమ్మ పొద్దున ఐదింటికి రైతు, ఏడింటికి ఉపాధి కూలీ, సాయంత్రం మళ్ళీ రైతు. ఎవరితో ఐక్యం కావాలో ఆమెకు చెప్పండి. మన సాహిత్యంలోనూ ఇదే ఇబ్బంది. దువ్వూరి రామిరెడ్డి గారి కృషీవలుడు ఒక దిక్కు, బోయి భీమన్న గారి పాలేరు ఇంకో దిక్కు. నేను పాఠం చెప్పేటప్పుడు మా అమ్మను రెండింటి మధ్యలో ఎక్కడ నిలబెట్టాలో తెలియక తడబడతాను.

సరే, చేయాల్సిన పని. ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చాక అభ్యంతరాలు చెప్పుకోవడానికి 60 రోజులు ఉంటుంది. లావుణి భూములున్న ఇళ్ళ పిల్లలు సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు ముసలివాళ్ళను కూచోబెట్టి ఎండకాలాల లెక్క రాయండి. ఏ ఏడు ఎన్ని రోజులు రాళ్ళు ఏరారు, ఎన్ని బండ్ల మన్ను పోశారు, ఏ ఏడు గట్టు తెగింది. ఉపాధిలో మీ భూమిలో పని జరిగి ఉంటే ఆ మస్టర్లు, కొలతల వివరాలు తీసి పెట్టుకోండి, ఆ పని విలువను సర్కారే కట్టిన కాయితం అది. రాతి కట్టలు పొడవు, ఎత్తు కొలిచి ఫొటోలు తీయండి. ఆ అభ్యంతరం నెగ్గుతుందో లేదో చెప్పలేను. నెగ్గకపోయినా ఫైలులో ఉంటుంది, కాలం లేకపోయినా పక్కన ఖాళీ మీద అయినా రాయొచ్చు.

మాది మొన్న రాత్రి మొదలుపెట్టాం. కరెంటు లేదు, వాకిట్లో మంచం మీద ఫోన్ లైటు వెలుగులో నేను రాస్తుంటే అమ్మ చెప్తూ పోయింది. 1977 నుంచి 2025 దాకా 49 ఎండకాలాలు. ఏడాదికి పదిహేను రోజులు, ఇద్దరు మనుషులు. 1,470 పనిదినాలు. 2025-26 ఉపాధి కూలి 307 రూపాయల లెక్కన 4 లక్షల 51 వేల 290. ఒక్క రాళ్ళకే. మన్నుది ఇంకా మొదలుపెట్టలేదు.

అమ్మ కాసేపు ఆలోచించి, ఉపాధిలో చేసిన ఏడు తీసెయ్యమంది. దానికి పైసలిచ్చిండ్రు గదా, రెండుమార్లు అడుగుతే తప్పు అని. తీసేశాను. 1,440 దినాలు, 4 లక్షల 42 వేల 80.

ఇంకో రెండేండ్లు కూడా తీసెయ్యి బిడ్డా అంది. 2002, 2003. కరువు. అమ్మా నాయినా బొంబాయికి వలసపోయిన ఎండకాలాలు అవి. "మేం లేకపోతిమి. రాళ్ళు ఎవ్వరు ఏరలె."

ఆ రెండేండ్లు హాస్టల్ మూసేశాక నేను అవ్వ దగ్గర ఉన్నాను. నాకు పన్నెండేండ్లు, పదమూడేండ్లు. రోజూ పొద్దున అవ్వ వెంట పోయి పదింటి దాకా ఏరేదాన్ని. నాకోసం చిన్న గంప అల్లించింది. ఆ మాట ఎవరికీ చెప్పొద్దంది అవ్వ, సదువుకునే పిల్లతోని రాళ్ళు మోపిచ్చినవని మీ అమ్మ నన్ను తిడతది అని. ఇరవై ఏండ్లకు పైనే అయింది, నేనూ చెప్పలేదు.

ఇప్పుడు చెప్పాను. అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. మేకలు మెసలుతున్నాయి. ఫోన్లో చార్జింగ్ అయిపోవస్తుంది.

"నువ్వు గూడ మోసినవా," అంది. తర్వాత అటు తిరిగి పడుకుంటూ, "అయితే రాయి" అంది.